చుక్కి థైరాయిడ్ మాత్ర, ఖాళీ క్యాప్సూల్: రెండేళ్లకు పైగా వాడాక

పిల్లికి రోజూ రెండు పూటలా మాత్ర వేయాల్సి వచ్చినవాళ్లకు నేను మొట్టమొదట చెప్పే మాట ఒకటే: ఖాళీ క్యాప్సూళ్ల ప్యాకెట్ ఒకటి తెచ్చుకోండి. 4వ నంబరువి, మాత్ర ముక్కను లోపల పెట్టి మింగించడానికి. మందు, డోసు, టెస్టులు అన్నీ డాక్టరు చూసుకుంటారు. ఆ మందు పిల్లి కడుపులోకి పోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఆ పని ఇంత తేలికవుతుందని నేను అనుకోలేదు. రెండేళ్లకు పైగా వాడాక కొన్ని ఇబ్బందులు కూడా తెలిసొచ్చాయి, అవీ చెప్తాను.

చుక్కి దేశవాళీ పిల్లి. నుదుటి మీద నల్లచుక్క ఉంటుంది, అందుకే ఆ పేరు. ఇప్పుడు దానికి పదిహేనో ఏడు. కడపలో మా ఇల్లు తప్ప ఇంకో లోకం తెలియదు, పక్కింటి మిద్దె ఒక్కటి తప్ప. పదమూడో ఏట అది చిక్కిపోవడం మొదలుపెట్టింది. తిండి మానేసి చిక్కితే అర్థం చేసుకోవచ్చు. ఇది గిన్నె నాకేసి మళ్లీ గిన్నె ముందే కూర్చునేది. వీపు నిమిరితే వెన్నుపూసలు ఒక్కొక్కటీ చేతికి తగిలేవి. రాత్రి రెండింటికి మిద్దె మెట్ల మీద నిలబడి, ఎప్పుడూ వినని గొంతుతో అరిచేది. చూసినవాళ్లంతా నులిపురుగులన్నారు. పురుగుల మందు వేశాం, ఏమీ మారలేదు.

డాక్టరు గొంతు తడిమి చూసి, గుండె విని, రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో చూసే టీ4 పరీక్ష రాశారు. పిల్లుల్లో టీ4 మామూలుగా 4 లోపు ఉంటుంది, దీనికి 9 దాటింది. థైరాయిడ్ ఎక్కువవడం ముసలి పిల్లుల్లో బాగా కనిపించే జబ్బేనట. డాక్టర్లు దీన్ని గుర్తించి రాయడం మొదలై నలభై ఏళ్లకు పైనే అయింది. మెడలోని థైరాయిడ్ గ్రంథి మీద చిన్న గడ్డ పెరుగుతుంది, అది ఎక్కువ శాతం క్యాన్సర్ కాదు. హార్మోన్ మాత్రం అదుపు లేకుండా వదులుతుంది. దాంతో గుండె పరుగెడుతుంది, తిన్నది ఒంటికి పట్టదు.

ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ, "ఏంది పాపా, దీనికి కూడా థైరాయిడేనా?" అంది. అమ్మకు పదేళ్లుగా థైరాయిడ్ ఉంది. కానీ అమ్మకు హార్మోన్ తక్కువ, చుక్కికి ఎక్కువ. అమ్మ మాత్ర హార్మోన్‌ను ఇస్తుంది, చుక్కి మాత్ర హార్మోన్ తయారవకుండా ఆపుతుంది. ఒకే ఇంట్లో రెండు ఎదురు మందులు. అమ్మ మాత్రలు దేవుడి గూటి పక్కన, చుక్కివి వంటింటి పై అరలో స్టీలు డబ్బాలో పెట్టాం. ఇలాంటి ఇల్లు మీదీ అయితే మొదటి రోజే ఈ ఏర్పాటు చేసుకోండి.

మందు పేరు మెథిమజోల్. అమెరికాలో 2009లోనే పిల్లుల కోసం ఫెలిమజోల్ అనే మాత్రకు అనుమతి వచ్చింది, 2.5, 5 మిల్లీగ్రాముల్లో చిన్నగా దొరుకుతుంది. మాకు దొరికేది మనుషుల మాత్ర, 5 మిల్లీగ్రాములది. చుక్కికి మొదట రాసింది పూటకు 1.25, అంటే మాత్రలో పావు వంతు. మాత్రలు కోసే కట్టర్‌తో కోసినా నాలుగు ముక్కలూ సమానంగా రావు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మిగిలింది పొడి. ఆ కోసిన అంచు నాలుక్కి తగిలిందా, అంతే. విపరీతమైన చేదు. చుక్కి నోటి నిండా నురగ కారుతూ ఇల్లంతా పరుగెత్తేది. చూస్తుంటే ప్రాణం పోతుందేమోనని టెన్షన్. కోడి కాలేయంలో పెట్టి ఇచ్చాను, కాలేయం తిని ముక్కను నేల మీద వదిలింది. పెరుగులో కలిపితే, ఆ రోజు నుంచి పెరుగు గిన్నె వైపే రాలేదు. ముసలి పిల్లి ఇష్టంగా తినేవే రెండో మూడో ఉంటాయి. వాటిని కూడా మందుతో పాడుచేస్తే అది దేనితో బతకాలి? నన్ను అన్నిటికంటే బాధపెట్టింది, నేను గదిలోకి వస్తే అది మంచం కిందికి దూరడం.

ఖాళీ క్యాప్సూల్ సంగతి చెప్పింది డాక్టరే. క్యాప్సూళ్ల నంబర్లు తిరగేసి ఉంటాయి, నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. మనం మింగే పెద్ద క్యాప్సూళ్లు 0, 00 నంబర్లవి. పిల్లికి 4 గానీ 5 గానీ కావాలి. మా వీధి మెడికల్ షాపుల్లో అడిగితే వింతగా చూశారు. చివరికి ఆన్‌లైన్‌లో తెప్పించాను, ధర లెక్కలోకి రానంత తక్కువ.

మొదటి రోజు నాకు బాగా గుర్తు. పావు ముక్కను క్యాప్సూల్‌లో వేసి మూత బిగించాను. వేలి మీద కాస్త నెయ్యి తీసుకుని క్యాప్సూల్‌కు పూశాను. అమ్మ పాత టవల్‌లో చుక్కిని చుట్టి, వీపు తనవైపు ఉండేలా ఒళ్లో పెట్టుకుంది. నేను ఎడమచేత్తో దాని తల పైకెత్తి, దవడ ఎముకల దగ్గర పట్టుకున్నాను. తల పైకి లేస్తే కింది దవడ దానంతటదే కొంచెం వదులవుతుంది. కుడి చేతి మధ్యవేలితో ముందు పళ్ల మీద మెల్లగా నొక్కి, క్యాప్సూల్‌ను నాలుక చివర, లోపలికి వదిలాను. నోరు మూసి గొంతు నిమిరాను. చుక్కి ముక్కు నాక్కుంది. మింగిందనడానికి గుర్తు అదే. సూది లేని సిరంజితో నోటి పక్కనుంచి కొద్దికొద్దిగా నీళ్లు పట్టాను. నురగ వస్తుందని గుడ్డ పట్టుకుని కూర్చున్నాం. రాలేదు. చుక్కి టవల్‌లోంచి బయటికొచ్చి, ఒళ్లు దులుపుకుని, తిన్నగా గిన్నె దగ్గరికి పోయి మమ్మల్ని చూసి అరిచింది. "అంతేనా? అయిపాయనా?" అంది అమ్మ. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత మందు తన పని తాను చేసింది. నెల తిరక్కుండా చేసిన పరీక్షలో టీ4 3 లోపుకు దిగింది. తూకం 2.6 కిలోల నుంచి మెల్లమెల్లగా 3.4కు పెరిగింది. రాత్రి అరుపులు ఆగాయి. నా చేతికి దూరంగా పోవడం మానేసింది, అది నాకు టీ4 అంకె కంటే ఎక్కువ. మొదటి మూడు నెలలు రక్తకణాలు, లివర్ చూపించుకుంటూ ఉండాలి. కొన్ని పిల్లులకు ఈ మందుతో ముఖం మీద దురద, వాంతులు, తిండి మీద విరక్తి వస్తాయి. చుక్కికి మొదటి వారాల్లో కొంచెం వాంతులైనా తగ్గిపోయాయి.

ఇక ఇబ్బందులు. నీళ్లు పట్టకపోతే క్యాప్సూల్ ప్రమాదమే. పొడిగా మింగితే అది పిల్లి ఆహారనాళంలో నిమిషాల తరబడి ఇరుక్కుపోగలదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ లాంటి మందైతే అక్కడే పుండు పడుతుంది. అందుకే సిరంజి నీళ్లు కానీ, వెంటనే ఒక చెంచా తడి తిండి కానీ తప్పనిసరి. మా కడప ఎండల సంగతి తెలిసిందే. మే నెలలో క్యాప్సూళ్లు పెళుసుబారి, మూత బిగిస్తుంటే చిట్లేవి. వానల్లో మెత్తబడి ఒకదానికొకటి అతుక్కునేవి. గాలి చొరని డబ్బాలో పెట్టి, చల్లగా ఉండే గదిలో ఉంచితే కొంత మేలు.

అసలు దెబ్బ తగిలింది ఇంకో చోట. పని సులువని ఆదివారం కూర్చుని వారానికి సరిపడా క్యాప్సూళ్లు నింపి పెట్టుకునేవాళ్లం. నేను ఊళ్లో లేనప్పుడు మాత్రలు అయిపోవస్తే అమ్మ చీటీ పట్టుకుని షాపుకు పోయింది. అక్కడ మెథిమజోల్ లేదు. "రెండూ ఒకటే పెద్దమ్మా, పేరు వేరు, పని ఒకటే" అని కార్బిమజోల్ షీటు ఇచ్చారు. అమ్మ నమ్మింది, నమ్మకుండా ఎట్లుంటుంది? పాత షీటులో మిగిలిన ముక్కలతో కొన్ని, కొత్తవాటితో కొన్ని నింపి ఒకే డబ్బాలో వేసింది.

కార్బిమజోల్ ఒంట్లోకి పోయాక మెథిమజోల్‌గానే మారుతుంది, ఆ మాట నిజం. కానీ సరిసమానంగా కాదు. 10 మిల్లీగ్రాముల కార్బిమజోల్ నుంచి వచ్చేది సుమారు 6 మిల్లీగ్రాముల మెథిమజోల్. అంటే అదే సైజు ముక్క వేస్తే చుక్కికి అందేది సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. నేను తిరిగొచ్చిన రాత్రే మెట్ల మీద ఆ పాత గొంతు మళ్లీ వినిపించింది. గుండె మీద చెయ్యి పెడితే దడదడ. పొద్దున డబ్బా తెరిచాను. తెల్లటి క్యాప్సూళ్లు, అన్నీ ఒకే తీరు. ఏ దాంట్లో ఏ మందుందో బయటికి తెలియదు. రెండేళ్లు నేను మెచ్చుకున్న గుణమే అది, లోపలున్నది పిల్లికి తెలియనివ్వదు. ఆ రోజు నాకూ తెలియనివ్వలేదు. చెత్తబుట్టలో షీటు దొరికింది కాబట్టి సంగతి అర్థమైంది. డాక్టరుకు ఫోన్ చేస్తే అన్నీ పారేసి మళ్లీ మొదలుపెట్టమన్నారు.

ఆ షాపు మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. వయసైన మనిషి చీటీతో వచ్చి అడిగితే, మందు మారుస్తున్నామని, డోసు డాక్టరును అడగమని ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అది మనిషికైనా పిల్లికైనా గుండెతో ముడిపడ్డ మందు. అప్పటినుంచి లోపలి ముక్క కనిపించే పారదర్శక క్యాప్సూళ్లే వాడుతున్నాను. రెండు రోజులకు మించి నింపను. షీటు అట్ట కత్తిరించి డబ్బా మూతకు అంటిస్తాను.

ఇంకోటి కూడా దాచకుండా చెప్పాలి. ఈ మందు తన పని బాగా చేస్తే కిడ్నీల అసలు రూపు బయటపడుతుంది. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నన్నాళ్లు కిడ్నీలకు రక్తం జోరుగా అందుతుంది, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె, క్రియాటినిన్, బాగున్నట్టే కనిపిస్తుంది. అదుపులోకి వచ్చాక అసలు లెక్క తేలుతుంది. చుక్కికి క్రియాటినిన్ 1.4 నుంచి 2.1కి పెరిగింది. డాక్టరు టీ4ను మరీ కిందికి దించకుండా డోసు సర్దారు. దాంతో ముక్కల సైజు మునుపటికంటే ముఖ్యమైంది, నేను కోసే తీరు మీద బెంగ కూడా పెరిగింది. ఇల్లంతా నీళ్ల గిన్నెలు పెట్టాం. ఎందుకో గానీ మట్టి మూకుడులో నీళ్లే ఎక్కువ తాగుతుంది.

మిగతా దారులు లేవని కాదు. రేడియో అయోడిన్ సూదితో చాలా పిల్లులకు జబ్బే పోతుంది, అది మాకు అందుబాటులో లేదు. అయోడిన్ తగ్గించిన ప్రత్యేకమైన తిండి ఒకటుంది, దాన్ని తప్ప ఇంకేమీ ముట్టకూడదు. పక్కింటివాళ్లు చేపలు కడిగే వేళకు మిద్దె దాటే పిల్లితో అది కుదరదు. చెవి లోపల రాసే మెథిమజోల్ లేపనం కూడా ఉంది, కడుపుకు ఇబ్బంది తక్కువ. దాన్ని తయారుచేసి ఇచ్చేవాళ్లు ఇక్కడ నాకు దొరకలేదు. దొరికే ఊళ్లో ఉన్నవాళ్లు డాక్టరును అడిగి చూడండి. రాసేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి. ఇంట్లో గర్భిణులుంటే ఆ లేపనమే కాదు, మాత్ర ముక్కలు కూడా వాళ్లు చేత్తో తాకకూడదు.

క్యాప్సూల్ కొనమని అందరికీ చెప్పగలనా అంటే, మా ఇంటి పరిస్థితి వేరు. పట్టుకోవడానికి అమ్మ ఉంది. చుక్కి పిల్లప్పటి నుంచి మా ఒళ్లో పెరిగింది, గోరు చూపించదు. ఒంటరిగా ఉంటూ, చేతికి చిక్కని పిల్లికి మందు వేయాల్సినవాళ్లకు ఇదే పద్ధతి రోజూ యుద్ధం కావచ్చు. మింగడానికి ఇబ్బందిపడే పిల్లి అయితే అసలు వద్దు. కిడ్నీలు ముందే దెబ్బతిన్న పిల్లికి మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి.

చుక్కికి వచ్చే పరీక్ష సంక్రాంతి తర్వాత. క్రియాటినిన్ ఇంకా పెరిగితే డోసు మళ్లీ మార్చాలన్నారు. తూకం 3.3 దగ్గర నిలబడింది. ఈ పూట క్యాప్సూల్ ఒక్కసారికే మింగింది.