అత్తయ్యను కూడా రమ్మన్నారు: ఏడాదిన్నర ఫ్యామిలీ కౌన్సెలింగ్ తర్వాత

పిల్లాడికి కౌన్సెలింగ్ అంటే వాడిని లోపలికి పంపి మనం బయట కూర్చోవడమే అనుకున్నాను. గుంటూరు బ్రాడీపేటలో మేము వెళ్లిన చోట మొదటి రోజే కౌన్సెలర్ మేడమ్ "ఇంట్లో వాడితో ఉండేవాళ్లంతా రావాలి, నానమ్మ కూడా" అన్నారు. ఏడాదిన్నర తర్వాత కూడా నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ఒక్క మాటే.

మా వాడికి అప్పుడు ఏడేళ్లు. కొట్టడం, వస్తువులు విసరడం, స్కూలు డైరీ నిండా ఫిర్యాదులు. ఇలాంటి పిల్లలున్న వాళ్లకు అదంతా తెలిసిందే, వదిలేస్తాను.

మాకు మందులు రాయలేదు, నేర్పింది మాకే. దీన్ని పేరెంట్ మేనేజ్‌మెంట్ ట్రైనింగ్ అంటారు. రోజూ పది నిమిషాలు వాడు చెప్పిన ఆట ఆడాలి, మధ్యలో ప్రశ్నలు, పాఠాలు ఉండకూడదు. ఆరోజు ఎంత అల్లరి చేసినా ఆ పది నిమిషాలు రద్దు చేయకూడదు. "గుడ్ బాయ్" అని ఊరుకోకుండా "చెప్పులు స్టాండులో పెట్టావు, బాగుంది" అని చేసిన పని చెప్పి మెచ్చుకోవాలి. అరిచి అడిగినది మాత్రం ఇవ్వకూడదు.

ఈ చివరిదాని దగ్గరే మూడో వారం అంతా తలకిందులైంది. రాత్రి అన్నం తిన్నాక ఫోన్ లేదన్నాం. వాడు తలుపు తన్నుతూ ఒకటే అరుపులు. పక్క ఫ్లాటు వాళ్లు వచ్చి బెల్ కొట్టారు. నేనూ మా ఆయనా మాట మీద నిలబడ్డాం. నలభై నిమిషాలకు ఏడుపు ఠక్కున ఆగింది. వెళ్లి చూస్తే అత్తయ్య ఒళ్లో వాడు, వాడి చేతిలో ఆవిడ ఫోన్.

"ఏంటత్తయ్యా ఇది?" అన్నాను.

"పిల్లాడి గొంతు ఎండిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా అమ్మాయ్?" అన్నారు. తెల్లారేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

తర్వాతి సెషన్‌లో ఇదంతా అత్తయ్య ముందే చెప్పేశాను. మేడమ్ తప్పుపడతారనుకున్నాను. ఆవిడ అత్తయ్య వైపు తిరిగి "అమ్మా, ఆ నలభై నిమిషాలూ మీకెలా గడిచింది?" అని అడిగారు. అత్తయ్య ఏడ్చేశారు. మా ఆయన చిన్నప్పుడు మామయ్య బెల్టు తీస్తే అడ్డం వెళ్లే ధైర్యం తనకు లేకపోయిందట. "వీడి విషయంలోనైనా అడ్డం వెళ్దామనుకున్నా" అన్నారు. మా ఆయన తల వంచుకుని విన్నారు. పదేళ్ల కాపురంలో ఈ సంగతి నాకు తెలియదు.

అంతా విన్నాక మేడమ్ మెల్లగా చెప్పారు: "ఫోన్ కావాలంటే నలభై నిమిషాలు ఏడవాలని ఇప్పుడు వాడికి అర్థమైంది. ఈసారి పది నిమిషాల్లో ఆపడు." అని, అత్తయ్యకు ఒక పని అప్పగించారు. ఏడుపు తగ్గిన క్షణంలో వాడిని దగ్గరకు తీసుకోవలసింది ఆవిడే. మజ్జిగ ఇవ్వొచ్చు, కథ చెప్పొచ్చు, ఫోన్ తప్ప ఏదైనా. ఆ రోజు నుంచి అత్తయ్య మాకు అడ్డు రాలేదు. వాడికీ ఊరుకుంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసింది.

పట్టించుకోకపోతే మొండితనం తగ్గేముందు ఒకసారి బాగా పెరుగుతుందని మేడమ్ ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఆ రాత్రి టెన్షన్ మాకు సగం తగ్గేది. ఆ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

ఆరు నెలలకే మా వాడు మారిపోయాడని ఆఫీసులో అందరికీ చెప్పాను. ఆ మాట కాస్త తగ్గించుకోవాలి. ఇంట్లో మారాడు. స్కూల్లో గొడవలు తగ్గాయి కానీ పోలేదు. టీచర్‌తో ఒక్కసారి మాట్లాడతామని మేడమ్ అడిగితే స్కూలువాళ్లు ఒప్పుకోలేదు. సంక్రాంతికి తెనాలి వెళ్తే చుట్టాలంతా తలా ఒక ఫోన్ చేతిలో పెడతారు, వచ్చాక మళ్లీ మొదటికే. పది నిమిషాల ఆట కూడా ఇప్పుడు వారంలో నాలుగు రోజులే కుదురుతోంది.

మాకు పనిచేసిందంటే అత్తయ్య రావడానికి ఒప్పుకున్నారు, మా ఆయన సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉంటారు, ఫీజు కట్టగలిగాం. ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్నవాళ్లకు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఇదే చేయమని ధైర్యంగా చెప్పలేను. ఫీజు భారమైతే గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్)లో సైకియాట్రీ ఓపీ ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, అంటే 14416కు, రాత్రయినా ఫోన్ చేయొచ్చు. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

మేము ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నాం. తేదీ గుర్తుపెట్టుకుని మమ్మల్ని బయల్దేరదీసేది అత్తయ్యే.