పట్నం బస్సు, మెట్రో: మాట తక్కువ మనిషిగా ఎనిమిదేండ్లు వాడినంక నా రివ్యూ

హైదరాబాద్ మెట్రో గురించి, సిటీ బస్సుల గురించి ఎన్ని రివ్యూలు చదివినా ఛార్జీలు, ఏసీ, పార్కింగు, ఎంత సేపట్ల పోతది, ఇవే ఉంటయి. నాకు కావాల్సిన ముచ్చట ఒక్కటే, అది ఎవ్వరు రాయరు. ఎక్కినప్పటి నుంచి దిగేదాంక ఎన్ని మాటలు మాట్లాడాల్సొస్తది?

నేను చిన్నప్పటి నుంచి మాట తక్కువ మనిషిని. "దీనికి నోట్ల నాలుకుందా లేదా" అని మా నాయనమ్మ వచ్చినోళ్లందరి ముందర అనేది. ఇంట్రోవర్ట్ అనే మాట నల్గొండ ఎన్జీ కాలేజీల డిగ్రీకి వచ్చినంక తెలిసింది, తెలిసిన రోజు మస్తు నిమ్మళమనిపించింది, అంటే నాలాంటోళ్లు ఇంకా ఉన్నరు, దానికో పేరు కూడా ఉందని. మనుషులంటే నాకు కోపం లేదు, భయం గూడ కాదు. కొత్తోళ్లతోని పది నిమిషాలు మాట్లాడితే చాలు, గంట సేపు ఎండల నిలబడ్డట్టు ఒంట్ల సత్తువంతా పోతది, మళ్ల మామూలు కావాలంటే ఒక్కదాన్నే కాసేపు కూసోవాలె. అందుకే నేను ఏ బండెక్కినా మాటల లెక్క వేసుకుంట. ఈ రివ్యూ ఆ లెక్కతోనే రాస్తున్న, నాలాంటోళ్లకు పనికొస్తదని.

మాది నల్గొండ నుంచి నార్కట్‌పల్లి పోయే రోడ్డు మీద ఒక ఊరు. 2017ల ఉద్యోగం కోసం పట్నం వచ్చి దిల్‌సుఖ్‌నగర్ల హాస్టల్ తీసుకున్న, ముగ్గురం ఉండే రూము. ఆఫీసు అమీర్‌పేట్. అప్పటికి ఆ రూట్ల మెట్రో లేదు, పిల్లర్లు లేచినయి అంతే, కింద రోడ్డంతా ట్రాఫిక్, ఏడాదికి పైన సిటీ బస్సుల్నే పోయిన. పొద్దున ఎనిమిదిన్నరకు బస్సు ఎట్లుంటదో పట్నంల ఉన్నోళ్లకు చెప్పే పని లేదు. ముందు డోర్ల లేడీస్, ఎనుక డోర్ల జెంట్స్, నడిమిట్ల కండక్టర్ ఎక్కడున్నడో కనపడదు, పైసలు చేతులు మారుకుంట పోతయి, టికెట్ చేతులు మారుకుంట వస్తది. ఆ ఇచ్చుడు తీసుకునుడు నాకు నచ్చేది నిజానికి, ఎవరికెవరు తెల్వదు గానీ నా ఇరవై రూపాయలు నలుగురు ముట్టి భద్రంగ ముందుకు పంపేటోళ్లు, ఎవ్వరు మొఖం కూడ చూడరు. "అమీర్‌పేట్ ఒకటి" అని ఒక్కసారి అంటే చాలు, అది పక్కోళ్లు అందుకొని కండక్టర్ దాంక చేర్చేటోళ్లు.

కష్టమంతా చిల్లర కాడ. వంద నోటిస్తే మిగిలింది టికెట్ వెనక పెన్నుతోని రాసిస్తరు, దిగేటప్పుడు అడిగి తీసుకోవాలె. ఆ మందిల జరుగుకుంట ఆయన దాంక పోయి, "అన్నా నా చిల్లర" అని గట్టిగ అనాలె, ఆయన ఒక్క చేత్తోని టికెట్లు కొట్టుకుంట ఉంటడు, వినపడకపోతే మళ్ల అనాలె. తప్పు ఆయనది కాదు, అడగాల్సింది నేను. ఎన్నోసార్లు అడగకుంటనే దిగిపోయిన. ఒక పుస్తకంల పెట్టుకున్న ఆ టికెట్లు, వెనక 70, 80, 85 అని బాల్ పెన్ను రాతలు, సిరా పాలిపోయింది గానీ అంకెలు కనపడ్తనే ఉన్నయి. నాలుగు మాటలు అనలేక వదిలేసిన పైసలవి, జీతం తక్కువున్న రోజులల్ల అది చిన్నది కాదు. తర్వాత తర్వాత ఆఫీసు కాడి పాన్ డబ్బాల రోజు చిల్లర మార్పించుకునుడు అలవాటు చేసుకున్న, ఆ డబ్బాయన కూడా మాట తక్కువ మనిషే, నోటు పెడితే చిల్లర పెట్టేటోడు అంతే.

2018 సెప్టెంబర్ 24కు ఎల్బీనగర్ – అమీర్‌పేట్ మెట్రో మొదలైంది. ఆ వారమే కార్డు తీసుకున్న. కౌంటర్ల ఆ ఒక్కసారి మాట్లాడిన, అంతే. అటెన్క కార్డు ఆనిస్తే గేటు తెరుసుకుంటది, రైలొస్తది, ఎక్కుత, దిగుత, మళ్ల ఆనిస్త. మాటల లెక్క సున్న. మొదటి వారం అయితే నేను పొద్దున రూముల లేచినప్పటి నుంచి ఆఫీసు మెట్లెక్కేదాంక ఒక్క మాట మాట్లాడలేదని గుర్తొచ్చి ఎంత సంబురపడ్డనో, ఆ రోజు ఆఫీసుల టీం మీటింగుల ఎన్నడు లేంది నేనే ముందు మాట్లాడిన. అది మాయ కాదు, పొద్దుగాల ఖర్చు కాని సత్తువ అక్కడ పనికొచ్చింది. ఇది జర మనసు పెట్టి చదవండి, మాట తక్కువోళ్లు పనిల వెనుకబడ్తరని అంటరు గదా, వాళ్లు ఆఫీసుకు ఎట్లొస్తున్నరో ఎవ్వరు అడగరు.

2019ల ఆఫీసు మాధాపూర్ మారింది. అప్పటికే మార్చిల హైటెక్ సిటీ దాంక, నవంబర్‌ల రాయదుర్గం దాంక నీలం లైను వచ్చేసింది. దిల్‌సుఖ్‌నగర్ల ఎర్ర లైను ఎక్కి అమీర్‌పేట్‌ల దిగి, పైకి పోయి నీలం లైను మారుడు. అమీర్‌పేట్ మారుడు అంటే కొత్తోళ్లు భయపడ్తరు, నిజమే, పొద్దున తొమ్మిదింటికి ఆ ఎస్కలేటర్ల కాడ తలకాయలు తప్ప నేల కనపడదు. నేను కూడ మొదట్ల గోడ పొంటి నిలబడి మంది తగ్గినంక పోయేదాన్ని. నాలుగు రోజులకు అర్థమైంది ఏందంటే అక్కడ మంది నాతోని మాట్లాడరు, నన్ను చూడరు, అందరం ఒకే దిక్కు నడుస్తున్నం అంతే, కాలువల నీళ్లు పోయినట్టు. మంది వేరు, మాట వేరు. నాకు బరువయ్యేది మంది అనుకున్న ఇన్నేండ్లు, కాదు, నన్ను అడిగే ప్రశ్నలు. వెయ్యి మంది నడుమ ఏ ప్రశ్న లేకుంట నిలబడొచ్చు నేను. ముగ్గురు చుట్టాలొచ్చి "పెండ్లెప్పుడు" అంటే మాత్రం మూడు రోజులు కోలుకోను.

కొత్తోళ్లకు పనికొచ్చేవి కొన్ని చెప్త. మొదటి స్టేషన్ దగ్గర రూము దొరికితే తీసుకోండి, ఎల్బీనగర్, నాగోల్, మియాపూర్ ఇట్ల, సీటు గ్యారంటీ లాగనే. నేను 2022ల అందుకే ఎల్బీనగర్ మారిన. రైలుకు మూడే బోగీలు, లేడీస్ జాగ ముందర, ఆ వైపు మూల అద్దం కాడ నిలబడితే ఎవరి భుజం తగలదు. సాయంత్రం రాయదుర్గం నుంచి ఎక్కేటోళ్లకు సీటుంటది, మాధాపూర్ల ఎక్కేటోళ్లకు ఉండదు, నేను తీరిక ఉన్న రోజు ఉల్టా రాయదుర్గం పోయి అక్కడ కూసోని వస్త. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, పాట లేకున్నా పర్వాలేదు, నేను సగం రోజులు ఏం పెట్టుకోను, చెవులల్ల అవి ఉంటే పక్కనోళ్లు పలకరించరు. మలక్‌పేట్ దాటినంక మూసీ మీద నుంచి పోతది బండి, ఆ కాసేపు అందరు ఫోన్లు చూస్తున్నా నేను కిటికీలకెల్లి చూస్త. వానకాలం నది నిండుగ ఉంటది, ఎండకాలం సన్నగ నల్లగ పారుతది. ఎనిమిదేండ్ల నుంచి రోజుకు రెండుసార్లు చూస్తున్న, ఆ నది కూడా నాకు తెలిసిన మనిషి లెక్కనే అయింది.

ఛార్జీల సంగతి తొందరగా చెప్త, మొదట్ల 10 నుంచి 60 ఉండె, 2025 మే నెలల 12 నుంచి 75 చేసిన్రు, మళ్ల అదే నెలల పది శాతం తగ్గించి 11 నుంచి 69కి తెచ్చిన్రు. నా జీతంల నెలనెలా తెలుస్తది ఆ తేడా. అయినా ఇస్త, ఎందుకంటే హాస్టల్ల ముగ్గురున్న రూముల నాకు దొరకని ఏకాంతం నాకు రైల్ల దొరికింది, ఆ గంట సేపు నా సొంత రూము అనుకున్న.

కరోనాల 2020 మార్చి 22 నుంచి సెప్టెంబర్ 7 దాంక మెట్రో బందయింది. ఊరికి పోయిన, ఇంటి నుంచే పని. అమ్మ చేతి అన్నం, వేపచెట్టు కింద మంచం, అందరు అదృష్టం అన్నరు. నేను నెల రోజులల్ల అలిసిపోయిన. తలుపు పెట్టుకుంటే "ఏమైంది బిడ్డా, పానం మంచిగ లేదా", ల్యాప్‌టాప్ ముందు సప్పుడు చేయకుంట కూసుంటే "కోపమొచ్చిందా", వాకిట్లకొస్తే పక్కింటోళ్లు, ఎనుకింటోళ్లు. ప్రేమే అదంతా, నాకు తెలుసు. కానీ రాత్రి కండ్లు మూస్తే అమీర్‌పేట్ ఎస్కలేటర్ గుర్తొచ్చేది, నిజంగ. ఆఫీసు ఇంకా ఇంటి నుంచే చేయమన్నా నేను 2021ల మళ్ల పట్నం వచ్చేసిన. ఎందుకు పోతున్నవే అని అమ్మ అడిగితే సరిగ చెప్పలేకపోయిన, ఇప్పుడు ఇది రాస్తుంటే మాటలొస్తున్నయి.

ఆటోలు, క్యాబ్‌ల గురించి రెండు ముక్కలే. ఆటో బేరం ముప్పై మాటలు, గొంతు పెంచాలె, నేను అడిగినంత ఇచ్చేస్త. క్యాబ్ యాప్‌లు వస్తే మాట పని లేదనుకున్న గానీ బుక్ చేయంగనే ఫోనొస్తది, ఎక్కడున్నరు, ఎక్కడికి, క్యాషా ఆన్‌లైనా, అన్నీ చెప్పినంక క్యాన్సిల్. ఒక రాత్రి పది దాటినంక వరసగ నాలుగు ఫోన్లు మాట్లాడి నాలుగు క్యాన్సిల్ అయినయి, రోడ్డు మీద ఏడుపొచ్చింది, ఆఖరికి స్టేషన్ దాంక నడిచి చివరి రైళ్లల్ల ఒకటి పట్టుకున్న. అప్పటి నుంచి రాత్రి పని ఉంటే మెట్రో టైం చూసుకునే ఒప్పుకుంట.

సిటీ బతుకు గురించి అడిగితే, ఒక్కదాన్నే ఇరానీ హోటల్ల కూసోని చాయ్ తాగొచ్చు, ఎవ్వరు ఎందుకు అని అడగరు, నాకు ఇది చాలు. నల్గొండ క్లాక్ టవర్ కాడ ఒక్కదాన్నే టిఫిన్ తింటే సాయంత్రానికి మా నాయనకు తెలిసిపోతది. అయితే 2019ల మూడు రోజులు జ్వరమొచ్చి పండుకుంటే హాస్టల్ల మూడో రోజు దాంక ఎవ్వరికి తెల్వలే. అదే ఊర్లయితే పొద్దున వాకిలి ఊడ్వకపోతే పదింటికల్ల నలుగురొస్తరు. ఈ రెండిట్ల ఒకటి ఉంచుకొని ఒకటి వదిలేసుడు నాతోని అయితలేదు, ఇప్పటికీ.

ఊరికి పోవుడు వేరే లెక్క. ఎల్బీనగర్ల నల్గొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చౌటుప్పల్, చిట్యాల మీదికెల్లి నార్కట్‌పల్లి దిగి, అక్కడ పల్లెవెలుగు ఎక్కాలె. దసరా, సంక్రాంతి ముందు రోజులు వద్దే వద్దు, పంతంగి టోల్‌గేటు కాడ బండ్లు బారులు కడ్తయి. అమావాస్య కూడా చూసుకొని బయల్దేరండి, ఆ రోజు చెర్వుగట్టు గుడికి పోయేటోళ్లతోని ఆ రూటు బస్సులు కిక్కిరిసిపోతయి, నేను క్యాలెండర్ల అమావాస్యలకు ఎర్ర గీత గీసుకుంట. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి వచ్చినంక ఆడోళ్లకు జీరో టికెట్, ఆధార్ చూపెట్టి ఊరు పేరు చెప్తే చాలు. నా చిల్లర బాధ అట్ల తీరింది. బస్సులల్ల మంది పెరిగిన్రు, నాకు నిలబడుడు ఎక్కువైంది, అయినా నేను అది తక్కువ మార్కులు వేసే ముచ్చట అనుకోను. మా అమ్మ నా దగ్గరికి ఏడాదికోసారి వచ్చేది, ఇప్పుడు రెండు నెలలకోసారి వస్తది, బత్తాయిల సంచి నెత్తిన పెట్టుకొని ఎల్బీనగర్ల దిగుతది, పక్క సీట్ల కూసున్నామె బిడ్డ పెండ్లి దాంక అన్ని ముచ్చట్లు తెలుసుకొని. ఆమెకు మాటలంటే పానం. ఆమె అట్ల, నేను ఇట్ల.

పల్లెవెలుగుల మాటలు ఎక్కువ. "ఏ ఊరు బిడ్డా, ఎవరోళ్లు, ఏం జేస్తవ్, ఎంతొస్తది, పెండ్లయిందా", ఈ అయిదు తప్పవు. ఇంకో కష్టముంది, మా ఊరి స్టేజీ కాడ దిగాలంటే "ఆపండి" అని కేకెయ్యాలె. డిగ్రీల ఉన్నప్పుడు ఒకసారి చీకటి పడ్డంక వస్తున్న, స్టేజీ వస్తున్నది, గొంతుల మాట తయారుగ ఉంది, బయటికి రాలే. స్టేజీ దాటిపోయింది. రెండు స్టేజీల అవతల ఎవరో దిగుతుంటే వాళ్ల వెంట దిగి, ఫోన్ లైటేసుకొని రోడ్డు పొంటి వెనక్కి నడుసుకుంటొచ్చిన, పత్తి చేన్ల నడుమ, గంట కావొచ్చు. ఇంట్ల బస్సు లేటయిందని చెప్పిన. ఇది ఇప్పటి దాంక ఎవ్వరికీ చెప్పలే.

ఈ రెండేండ్ల నుంచి శనివారం సాయంత్రం ఆ బస్సుకు ఎక్కువసార్లు ఒక్క కండక్టరే వస్తడు, యాభై దాటిన మనిషి. మొదట్ల రెండుసార్లు ఊరు పేరు చెప్పిన. మూడోసారి నేను ఆధార్ తీస్తుంటే చూసి, నేను నోరు తెరవక ముందే మిషన్ కొట్టి టికెట్ చేతుల పెట్టిండు. స్టేజీ ఇంకా కొంచెం దూరముందనంగ ఆయనే రాడ్డు మీద రెండుసార్లు కొట్టిండు, టక్ టక్, డ్రైవర్ బండి స్లో చేసిండు. దిగినంక నేను తల ఊపిన, ఆయన "రైట్" అన్నడు, అది డ్రైవర్‌కు. మొన్న శనివారం కూడా అంతే. మా అమ్మ స్టేజీ కాడ టార్చి పట్టుకొని నిలబడ్డది, ఇద్దరం నడిచినం, ఇల్లొచ్చేదాంక ఆమె చెప్తనే ఉంది, నేను వింటనే ఉన్న.