హైబ్రిడ్ ఆఫీసు: రావాల్సిన రోజు ఎవరు ఖరారు చేస్తే మేలు?

కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇంటి నుంచి పని అనే హైబ్రిడ్ పద్ధతికి మారే కంపెనీల్లో వాదనంతా "వారానికి రెండు రోజులా, మూడు రోజులా" దగ్గరే తిరుగుతుంది. అది తేలాక కూడా అసలు చిక్కు అలాగే ఉంటుంది. ఆ రోజులు ఏవో ఎవరు చెప్పాలి? కంపెనీ చెప్పొచ్చు, టీమ్ చెప్పొచ్చు, ఉద్యోగికే వదిలేయొచ్చు. ఒక్కోదానికి సీట్ల లెక్క వేరు, తలనొప్పులు వేరు. 120 మంది, పదేసి మందితో 12 టీమ్‌లు, వారానికి మూడు రోజులు ఆఫీసు అనుకుని పోల్చి చూద్దాం.

కంపెనీ అంతటికీ ఒకే రోజులు

మంగళ, బుధ, గురువారాలు అందరూ ఆఫీసుకు. సోమ, శుక్రవారాలు ఇంటి నుంచి. అమలు చేయడం చాలా తేలిక. వేరే టీమ్‌తో పని పడినా అవతలివాళ్లు దొరుకుతారు. స్థలం మాత్రం ఏమంత మిగలదు. సెలవుల్లో పదిశాతం మంది పోయినా 108 మంది ఒకేసారి వస్తారు, సోమ, శుక్రవారాల్లో ఆ 108 సీట్లూ ఖాళీ. మీటింగ్ రూములకూ ఇదే గతి. అందరూ ఉన్న రోజునే మీటింగ్ పెట్టాలని ప్రతి మేనేజరూ చూస్తే ఆ మూడు రోజులూ రూము దొరకదు.

అయితే ఈ పద్ధతికి గట్టి ఆధారం ఉంది. చైనాకు చెందిన ప్రయాణ బుకింగుల కంపెనీ ట్రిప్.కామ్‌లో 1,612 మందిపై జరిగిన ప్రయోగం ఫలితాలు 2024లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చాయి. పుట్టిన తేదీ సరిసంఖ్యా, బేసిసంఖ్యా అన్నదాన్ని బట్టి ఉద్యోగుల్ని రెండుగా విడదీసి, ఒక గుంపుకు బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి పనిచేసే వీలిచ్చారు. ఆ గుంపులో ఉద్యోగం మానేసేవాళ్లు మూడోవంతు తగ్గారు. పనితీరు రేటింగుల్లో గానీ ప్రమోషన్లలో గానీ తేడా కనిపించలేదు. అక్కడ రోజులు ముందే ఖరారైనవి. ఆ ఫలితాన్ని చూపించి "ఎవరికి నచ్చిన రోజు వాళ్లు రండి" అంటే చెల్లదు.

ఉద్యోగి ఇష్టం

మూడు రోజులు రావాలి, ఏవైనా సరే. ప్రకటించిన రోజున చప్పట్లు పడేది దీనికే. లెక్క వేస్తే ఉత్సాహం కాస్త తగ్గుతుంది. ఎవరికి తోచిన రోజు వాళ్లు ఎంచుకుంటే, ఒకరు ఫలానా రోజున ఆఫీసులో ఉండే అవకాశం 60 శాతం. కలిసి పనిచేసే ఐదుగురూ ఒకే రోజు ఉండాలంటే 0.6ను ఐదుసార్లు గుణించాలి: దాదాపు 8 శాతం. అంటే ఐదుగురూ ఒకచోట కలిసేది సగటున రెండున్నర వారాలకోసారి. ప్రయాణపు శ్రమంతా పడి వచ్చి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఇంట్లో ఉన్నవాళ్లతో వీడియో కాల్ మాట్లాడటానికి ఆఫీసెందుకు?

పైగా రోజుల ఎంపిక ఎప్పుడూ సమానంగా ఉండదు. సోమ, శుక్రవారాలు జనం తప్పించుకుంటారు. సగటు హాజరు 72 అని 72 సీట్లే వేస్తే బుధవారం కొందరికి కుర్చీ ఉండదు. సీటు బుకింగ్ యాప్ పెడితే బుక్ చేసి రానివాళ్లు తయారవుతారు. వచ్చినట్టు నమోదు చేయకపోతే అరగంటలో బుకింగ్ దానంతటదే రద్దయ్యేలా పెట్టుకోకపోతే ఆ యాప్ దండగ. ఒక్కరే మొదలుపెట్టి ఒక్కరే ముగించే పనులకు మాత్రం ఈ పద్ధతి సరిపోతుంది.

ఇందులో ఇంకో ముప్పుంది. ఎక్కువ రోజులు కనిపించేవాళ్లే మేనేజరుకు గుర్తుంటారు. ట్రిప్.కామ్‌కు సీట్రిప్ అనే పేరున్న కాలంలో, కాల్ సెంటర్ ఉద్యోగులు వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేసిన ప్రయోగం ఒకటి జరిగింది. ఆ అధ్యయనం 2015లో అచ్చయింది. పనితీరు 13 శాతం పెరిగింది, కానీ ఆ పనితీరుకు తగ్గట్టు ప్రమోషన్లు దక్కలేదు.

టీమ్ నిర్ణయం

మూడింటిలో మా ఓటు దీనికే, అయితే పగ్గాలు వదిలేయకుండా. 12 టీమ్‌లు, మూడేసి రోజులు: మొత్తం 36. ఐదు రోజులకు పంచితే ఏ రోజూ 8 టీమ్‌లకు మించనక్కర్లేదు. అంటే 80 మంది, సెలవులు పోను 72. సందర్శకులతో కలిపి 80 సీట్లు చాలు. మొదటి పద్ధతితో పోలిస్తే 28 సీట్లు మిగులు.

కానీ వదిలేస్తే అన్ని టీమ్‌లూ మంగళ, బుధ, గురువారాలే కోరతాయి. రోజుకు 8 టీమ్‌లు అన్న పరిమితి పెడితే ఆ మూడు రోజుల్లో 24 పడతాయి, మిగిలిన 12 సోమ, శుక్రవారాలకు వెళ్లాలి. కాబట్టి ప్రతి టీమూ సోమవారమో శుక్రవారమో ఒకటి తీసుకోవాల్సిందే. ఈ మాట మొదటి రోజే చెప్పాలి, మూడు నెలలకోసారి వంతులు మార్చాలి. లేకపోతే శుక్రవారం ఎప్పుడూ నోరులేని టీమ్ నెత్తినే పడుతుంది.

టీమ్‌ల మధ్య కలయిక సంగతి? ఐదు రోజుల్లో మూడు ఎంచుకుంటే ఏ రెండు టీమ్‌లకైనా కనీసం ఒక రోజు ఉమ్మడిగా దొరుకుతుంది. రెండే రోజులైతే ఆ హామీ లేదు. ఎటూ చూడకుండా ఎంచుకుంటే అసలు కలవకపోయే అవకాశం 30 శాతం. అందుకే రెండు రోజుల పద్ధతిలో డిజైన్, డెవలప్‌మెంట్, టెస్టింగ్ వంటి ఒకరిపై ఒకరు ఆధారపడే టీమ్‌లకు ముందు ఒక ఉమ్మడి రోజు ఖాయం చేసి, రెండోది వాళ్లకు వదలాలి. మైక్రోసాఫ్ట్‌లో 61,182 మంది ఉద్యోగుల సంభాషణల తీరుపై 2021లో వెలువడిన అధ్యయనం ప్రకారం, అందరూ ఇంటికి మారాక వేరే గుంపులతో కలిసి పనిచేసే సమయం వాటా దాదాపు నాలుగోవంతు తగ్గింది.

ఈ పద్ధతి బెడిసికొట్టేది రెండు టీమ్‌లకు పనిచేసేవాళ్ల దగ్గర. రెండు టీమ్‌ల రోజులూ కలిపితే వాళ్లు ఐదు రోజులూ రావాల్సి రావొచ్చు. ప్రధాన టీమ్ ఏదో కాగితం మీద తేల్చి, ఆ టీమ్ రోజులే వర్తిస్తాయని రాయండి.

ఏది ఎంచుకున్నా తప్పనివి

మీటింగులో ఒక్కరు ఇంట్లో ఉన్నా అది వీడియో మీటింగే. గదిలో అందరి ల్యాప్‌టాప్ మైకులూ తెరిచి ఉంటే కీచుమని మోత వస్తుంది. ఒకదాని మైకు, స్పీకరు ఉంచి మిగతావాటిలో రెండూ ఆపాలి. ఆరుగురు దాటితే బల్ల చివర ఉన్నవాళ్ల మాట ల్యాప్‌టాప్‌కు సరిగా అందదు, బల్ల మధ్యన విడి మైకు కావాలి.

నెట్ విషయంలో అప్‌లోడ్ వేగం చూడండి. ఒక హెచ్‌డీ కాల్‌కు అటూ ఇటూ 3–4 ఎంబీపీఎస్ చొప్పున లెక్కేస్తే, 35 మంది ఒకేసారి మాట్లాడితే 140 దాకా కావాలి. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల వీడియో అంతా వీపీఎన్ (కంపెనీ నెట్‌వర్క్‌కు కలిపే భద్రమైన దారి) గుండా పోతే అదీ ఇరుకే. కాల్స్‌ను నేరుగా పంపే ఏర్పాటు చేయాలి. ప్రతి సీటు దగ్గరా ఒకే రకం యూఎస్‌బీ-సీ కేబుల్ ఉండాలి, లేకపోతే రోజూ పొద్దున్నే బల్లల కింద వెతుకులాట తప్పదు.

మొదట 12 వారాలు ప్రయత్నంగా నడపండి. రోజువారీ అత్యధిక హాజరు, బుక్ చేసి వాడని రూములు, ఇంకో టీమ్ జవాబు కోసం ఆగిన పనులు: ఈ మూడూ రాసుకుంటే చాలు. కార్డు స్వైప్ లెక్కల్ని వ్యక్తిగత రేటింగుకు వాడొద్దు. వాడితే కార్డు గీకి, కాఫీ తాగి, ఇంటికి వెళ్లిపోయేవాళ్లు పుడతారు, హాజరు లెక్క దేనికీ పనికిరాకుండా పోతుంది.

కొత్తగా చేరినవాళ్లకు మొదటి మూడు నెలలు వేరే నియమం కావాలి. వాళ్లు వచ్చే ప్రతి రోజూ పని నేర్పే సీనియర్ ఒకరైనా ఆఫీసులో ఉండాలి. ఇక పదిహేను మంది లోపు కంపెనీ అంటే ఉన్నది ఒకే టీమ్. వాళ్లు మొదటి పద్ధతి తీసుకుని పనిలో పడొచ్చు.