అంగ్‌కోర్: ఏ గుడి ఏ పూట చూడాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి

బ్యాంకాక్ టూర్‌కి ఒక రాత్రి కలిపి, కంబోడియాలో అంగ్‌కోర్ గుళ్ళ పక్క ఊరైన సియెమ్ రీప్ చుట్టి రావడం మనవాళ్ళలో బాగా అలవాటైంది. తెల్లవారుజామున అంగ్‌కోర్ వాట్ ముందు సూర్యోదయం, పది గంటలకు బాయోన్, మధ్యాహ్నం తా ప్రోమ్, సాయంత్రం ఫ్నామ్ బాఖెంగ్ కొండ. వరస చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, ప్రతి చోటికీ జనం ఎక్కువగా ఉండే వేళకే చేరతారు. అంగ్‌కోర్‌లో ఏం చూశామన్నది ఎంత ముఖ్యమో, ఏ వెలుగులో చూశామన్నది అంత ముఖ్యం.

టికెట్ ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. మూడు రోజులది తీసుకోండి. అది పది రోజుల్లో ఏ మూడు రోజులైనా చెల్లుతుంది, మధ్యలో ఒక రోజు విశ్రాంతి తీసుకున్నా నష్టం లేదు. టికెట్ మీద మీ ఫొటో ఉంటుంది కాబట్టి ఇంకొకరిది వాడుకోవడం కుదరదు. కౌంటర్ ఊళ్ళోనే ఉంది, గుళ్ళ దగ్గర అమ్మరు. సాయంత్రం ఐదు గంటల వేళ మర్నాటి టికెట్ కొనుక్కుంటే పొద్దున్నే లైనులో నిలబడే పని తప్పుతుంది. 12 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, వయసు చూపించడానికి పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి.

అంగ్‌కోర్ వాట్ పడమటి ముఖంగా కట్టిన గుడి. అందుకే ఉదయం ముందు నుంచి చూస్తే గోపురాలు నల్లటి నీడల్లా కనిపిస్తాయి, శిల్పం ఏదీ తెలియదు. ఎడమ చేతి కొలను గట్టున ఐదు గంటలకే జనం కిక్కిరిసిపోతారు. ఆ ఫొటో కావాలంటే ఒక్క రోజు వెళ్ళండి. వానాకాలంలో మబ్బు పట్టి ఏమీ కనిపించకపోవడం మామూలే. ఇంకో రోజు తూర్పు ద్వారం నుంచి రండి, అక్కడ దింపమని టుక్‌టుక్ డ్రైవరుకు ముందురోజే చెప్పాలి. తూర్పు మండపంలో దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం చెక్కి ఉంది. వాసుకిని ఒకవైపు 92 మంది అసురులు, మరోవైపు 88 మంది దేవతలు లాగుతుంటారు. ఉదయపు ఎండ స్తంభాల మధ్య నుంచి పడేటప్పుడే ఆ లోతు తెలుస్తుంది. పడమటి గోడల మీది కురుక్షేత్రం, లంకా యుద్ధం మధ్యాహ్నం మూడు దాటాక చూడాలి. అంపశయ్య మీది భీష్ముణ్ణీ, హనుమంతుడి భుజాలెక్కిన రాముణ్ణీ పోల్చుకోవడానికి మనకు గైడ్ అవసరం లేదు. గైడ్ ఖర్చు బాయోన్‌కి దాచుకోండి. అక్కడి చామ్ (పొరుగు చంపా రాజ్యం వాళ్ళు) నౌకాయుద్ధం, సంత, కోడిపందేల బొమ్మలు ఎవరైనా చెబితేనే అర్థమవుతాయి.

అంగ్‌కోర్ వాట్ శిల్పాల వరస మనకు అలవాటైన ప్రదక్షిణ దిశలో సాగదు. పడమటి ద్వారం నుంచి కుడికి తిరిగి, గుడిని ఎడమచేతి వైపు ఉంచుకుని నడిస్తేనే కురుక్షేత్రం నుంచి యముడి కొలువుకీ, అక్కడి నుంచి సాగర మథనానికీ వరసగా వెళ్తారు.

పై అంతస్తును బాకన్ అంటారు. బౌద్ధుల పర్వదినాల్లో అక్కడికి ఎక్కనివ్వరు. ఆ రోజులు దాదాపు మన పౌర్ణమి, అమావాస్య, అష్టములే, బయల్దేరే ముందు పంచాంగం తిప్పితే చాలు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలుండాలి, స్లీవ్‌లెస్ మీద చున్నీ కప్పుకుంటే ఒప్పుకోరు. 12 ఏళ్ళలోపు పిల్లల్ని పంపరు, ఇద్దరు పెద్దలుంటే వంతులవారీగా ఎక్కాల్సిందే.

తా ప్రోమ్ ఏడున్నరకు తెరుస్తారు, గేటు తీయగానే లోపలుండాలి. తొమ్మిది దాటితే చెట్ల వేళ్ళు అల్లుకున్న గుమ్మాల ముందు ఫొటోల కోసం క్యూ తప్పదు. 1186లో ఖ్మేర్ రాజు ఏడవ జయవర్మ తల్లి పేరిట కట్టించిన ఈ గుడిలో మన పురావస్తు శాఖ మరమ్మతు పనులు చేస్తోంది. ఆలస్యమైతే తా ప్రోమ్ మానేసి, తండ్రి పేరిట 1191లో ప్రతిష్ఠించిన ప్రీహ్ ఖాన్‌కి వెళ్ళండి. చెట్లు అక్కడా ఉన్నాయి, జనం తక్కువ. మన రామప్ప గుడి (1213) కూడా ఈ రాజు కాలానిదే.

బాంతేయ్ స్రీకి గంట ప్రయాణం, టుక్‌టుక్ అదనంగా అడుగుతుంది, అయినా వదలకండి. 967 నాటి ఈ ఎర్రరాతి గుడిని కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే బ్రాహ్మణుడు. కైలాసాన్ని కుదిపే రావణుడు, ఖాండవ దహనం, కంస వధ అరచేతిలో పెట్టి చూపినంత వివరంగా కనిపిస్తాయి. టూరిస్టు బస్సులు వచ్చేలోపు చేరాలి.

ఫ్నామ్ బాఖెంగ్ సూర్యాస్తమయం మాత్రం పేరుకే. పైకి ఒకసారి 300 మందినే వదులుతారు, నాలుగింటికే లైను మొదలవుతుంది. ఎక్కాక అంగ్‌కోర్ వాట్ చాలా దూరంగా, సూర్యుడికి ఎదురువైపున ఉంటుంది. దాని బదులు ప్రె రూప్ గుడి మెట్లెక్కితే సరిపోతుంది.

బస విషయానికొస్తే, పబ్ స్ట్రీట్ పక్కన గదులు చవకే గానీ అర్ధరాత్రి దాకా పాటల మోత. నది అవతల వాట్ బో వైపు తీసుకుంటే ప్రశాంతం, పబ్ స్ట్రీట్‌కి నడిచి వెళ్ళొచ్చు. కొత్త విమానాశ్రయం 2023 అక్టోబరులో తెరిచారు, ఊరికి 40 కిలోమీటర్ల పైనే. రాత్రి విమానమైతే హోటల్ వాళ్ళ బండినే మాట్లాడుకోండి. థాయిలాండ్ నుంచి రోడ్డు మార్గం 2025లో సరిహద్దు గొడవలతో మూసేశారు కాబట్టి విమానం మీద లెక్క వేసుకోవాలి. వీసా విమానాశ్రయంలో దిగాక 30 డాలర్లకు దొరుకుతుంది. దేశంలోకి వచ్చేవాళ్ళు నింపే ఆన్‌లైన్ ఇ-అరైవల్ ఫారం ఉచితం, దానికి డబ్బు అడిగే సైటు నకిలీదే.

శాకాహారులు కూర ఒక్కటీ చూసుకుంటే చాలదు. కూరగాయల వంటలోనూ చేపల సాసో, ప్రహోక్ అనే పులియబెట్టిన చేపల ముద్దో పడుతుంది. మాంసం వద్దంటే ముక్కలు మాత్రమే తీసేస్తారు. సాస్ కూడా వద్దని విడిగా చెప్పాలి, లేదా ఊళ్ళోని ఇండియన్ హోటళ్ళలో తినాలి. డాలర్లు ఎక్కడైనా చెల్లుతాయి, చిల్లర అక్కడి డబ్బు రియెల్స్‌లో ఇస్తారు (దాదాపు 4,000కి ఒక డాలరు). అంచు చిరిగినా, మడతల దగ్గర చీలినా నోటు తీసుకోరు, అందుకే మన దగ్గర మార్చుకునేటప్పుడే ఒక్కొక్కటీ వెలుగుకి పెట్టి చూసి తీసుకోండి. 1, 5 డాలర్ల నోట్లు ఎక్కువ ఉంచుకుంటే టుక్‌టుక్ దగ్గర చిల్లర గొడవ ఉండదు.