టెన్‌పిన్ బౌలింగ్‌లో కష్టమైన ఆయిల్ మీద లీగు ఆడితే ఆట నిజంగా బాగుపడుతుందా?

బాగుపడుతుంది, అయితే లీగు ఒక్కటే ఆ పని చేయదు. అమెరికాలో స్పోర్ట్ ప్యాటర్న్ (లేన్ మీద ఆయిల్‌ను కష్టంగా ఉండేలా పూసే తీరు) లీగులు చాలా సీజన్లుగా ఆడుతూ, మామూలు హౌస్ లీగునూ వదలకుండా వచ్చాక నాకు తేలింది ఇది: ఈ లీగు ముందు స్పేర్లను (మిగిలిన పిన్నులను రెండో బాల్‌తో పడగొట్టడం) బాగుచేస్తుంది, తర్వాత గురిని, అన్నిటికన్నా చివర స్ట్రైక్ బాల్‌ను (పది పిన్నులూ ఒకేసారి పడేలా వేసే మొదటి బాల్). ముందు నుంచే స్ట్రైకుల వెంటపడి కొత్త బాల్స్ కొంటూ పోయేవాళ్లకు సీజన్ చివర పెద్దగా మిగిలేది ఉండదు.

తేడా అంతా ఆయిల్‌లో ఉంది. బాల్ దొర్లే దారిని లేన్ అంటారు, దాని మీద ఆయిల్ పూస్తారు. లేన్ వెడల్పు 39 బోర్డులు (సన్నటి పలకలు). మామూలు ఆటకు పూసే హౌస్ ప్యాటర్న్‌లో నడుమ ఆయిల్ చిక్కగా, అంచుల్లో చాలా పల్చగా ఉంటుంది. ఈ నిష్పత్తి 8:1, 10:1, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. కుడిచేతి ఆటగాడి బాల్ కుడికి తప్పితే పొడి బోర్డులు పట్టుకుని వెనక్కి తెస్తాయి, ఎడమకు తప్పితే చిక్కటి ఆయిల్ నిలబెడుతుంది. మూడు నాలుగు బోర్డులు తప్పినా పాకెట్ (ముందు పిన్నుకూ దాని పక్క పిన్నుకూ మధ్య సందు) దొరుకుతుంది. స్పోర్ట్ ప్యాటర్న్‌లో నిష్పత్తి 3:1కి అటూ ఇటూ. కుడికి తప్పిన బాల్ తిరిగి రాదు, ఎడమకు తప్పింది నేరుగా హెడ్‌పిన్ (అన్నిటికన్నా ముందు పిన్ను) ముఖాన తగిలి స్ప్లిట్ (దూరదూరంగా నిలిచిన పిన్నులు) మిగిలిస్తుంది. క్రికెట్‌లో బ్యాటింగ్ పిచ్ మీద దంచినవాడిని పచ్చిక ఉన్న పిచ్ మీదకు పంపినట్టే. హౌస్‌లో 200 సగటు ఉన్నవాళ్లు మొదటి సీజన్‌లో 170ల్లోకి దిగడం మామూలే. ఆ తక్కువ సగటుతో బయటి టోర్నమెంట్లకు వెళ్తే లెక్క అందరికీ సమంగా ఉండేలా, స్పోర్ట్ సగటును హౌస్ స్థాయికి పెంచి చూపే పట్టిక అమెరికా బౌలింగ్ సంఘం యూఎస్‌బీసీ దగ్గర ఉంది.

స్పేర్ల లెక్క చూడండి. ఒక్క స్ట్రైక్ లేకపోయినా ప్రతి ఫ్రేమ్‌లో (గేమ్‌లోని పది వంతుల్లో ఒకటి) మొదటి బాల్‌కు తొమ్మిది పిన్నులు, ఆపై స్పేర్ పడితే స్కోరు 190. అందులో ఒక స్పేర్ తప్పితే పది పిన్నులు పోతాయి. మూడు తప్పితే 160. అంటే 170ల్లో ఉన్నవాడికి ముందు కావలసింది కొత్త హుక్ (బాల్ వంపు) కాదు, కుడి వెనక మూలన ఉండే పదో పిన్ను. హౌస్‌లో చాలామంది స్ట్రైక్ బాల్‌తోనే స్పేర్లు తీస్తారు, అక్కడ బాల్ ఎంత వంగుతుందో అంచనా ఉంటుంది. సమంగా ఆయిల్ ఉన్న లేన్ మీద అదే బాల్ ఒకసారి వంగుతుంది, ఒకసారి వంగదు. అందుకే ప్లాస్టిక్ బాల్ తప్పనిసరి. పదో పిన్నుకు ఎడమ చివర నిలబడి, లేన్ మీద గుర్తుగా ఉన్న బాణాల్లో నడిమిదాని మీదుగా అడ్డంగా, మణికట్టు తిప్పకుండా నేరుగా వేయాలి. ప్రాక్టీసులో పదో పిన్నుకు పది, ఎడమ వెనక మూలనున్న ఏడో పిన్నుకు పది బాల్స్. పదికి ఎనిమిది పడేదాకా వదలకూడదు. ఈ ప్రాక్టీసుకు స్పోర్ట్ ఆయిల్ అక్కర్లేదు, ఏ మధ్యాహ్నమైనా ఏ లేన్ మీదైనా చేసుకోవచ్చు.

ఇక ప్యాటర్న్ షీట్, అంటే ఆయిల్ ఎలా పూశారో చెప్పే కాగితం. మంచి లీగు దాన్ని ముందే ఇస్తుంది. చూడాల్సినవి మూడు: పొడవు ఎన్ని అడుగులు, ఆయిల్ ఎన్ని మిల్లీలీటర్లు, నిష్పత్తి ఎంత. పొడవులోంచి 31 తీసేస్తే బాల్ ఏ బోర్డు దగ్గర మలుపు తిరగాలో సుమారుగా తెలుస్తుంది. ప్రొఫెషనల్ బౌలర్ల సంఘం పీబీఏ వారి డిక్ వెబర్ 45 అనే ప్యాటర్న్ పొడవు 45 అడుగులు, కాబట్టి కుడిచేతివాళ్లకు కుడి అంచు నుంచి 14వ బోర్డు. జానీ పెట్రాగ్లియా 36 అయితే 5వ బోర్డు, దాదాపు గట్టర్ పక్కన. ఇది మొదటి అంచనా మాత్రమే. ఒకే ప్యాటర్న్ రెండు సెంటర్లలో రెండు రకాలుగా ఆడుతుంది, ఎందుకంటే లేన్ ఉపరితలం, దాని ఎత్తుపల్లాలు వేరు.

ఆట ముందు దొరికే పది నిమిషాల్లో స్ట్రైకుల కోసం వేయకండి. మొదటి బాల్ అంచనా వేసిన గీత మీద, రెండోది అక్కడి నుంచి రెండు బోర్డులు కుడికి, మూడోది రెండు బోర్డులు ఎడమకు. ఎటు తప్పితే కాస్తయినా క్షమిస్తుందో తెలిస్తే చాలు. పక్క లేన్ మీదా ఇదే చేయాలి, ఎందుకంటే లీగులో మార్చి మార్చి ఆడే జంట లేన్లు ఒకేలా ఉండవు. బాల్ మరీ జారిపోతుంటే బాల్ మార్చే ముందు దాని ఉపరితలం గరుకు చూడండి: 3000 గ్రిట్ (అంకె చిన్నదైతే గరుకు ఎక్కువ) ప్యాడ్‌తో రుద్ది ఉన్నదాన్ని 1000కి దించితే ముందే పట్టు దొరుకుతుంది. ఇది ఆట మొదలవక ముందే చేయాలి, మొదలయ్యాక రుద్దడం నిబంధనలకు విరుద్ధం.

రెండో గేమ్ నుంచి లేన్ మారడం మొదలవుతుంది. అందరూ ఒకే దారిలో వేస్తే అక్కడ ఆయిల్ తగ్గి బాల్ త్వరగా వంగుతుంది, అప్పుడు కుడిచేతివాళ్లు పాదాలు ఎడమకు రెండు బోర్డులు, చూపు ఎడమకు ఒక బోర్డు జరపాలి. ఆ జంట లేన్ల మీద ఎవరైనా యూరెథేన్ అనే పదార్థంతో పైపొర ఉన్న బాల్ వేస్తుంటే ఆయిల్ ముందుకు జారి పిన్నుల వైపు పరుచుకుంటుంది. పాకెట్ దాకా వచ్చిన బాల్ కూడా వంగకుండా చదునుగా తగులుతుంది. ఎవరు ఏ బాల్ వేస్తున్నారో గమనించడం కూడా ఆటలో భాగమే, హౌస్ లీగులో ఈ అలవాటు రాదు.

నష్టాలూ ఉన్నాయి, వాటిని దాచకూడదు. తప్పితే క్షమించదన్న భయంతో చేయి బిగుసుకుంటుంది, బాల్‌ను వదలకుండా తోస్తారు, వేగం అదుపు తప్పుతుంది. పాకెట్‌కు దాదాపు 6 డిగ్రీల కోణంలో వస్తే స్ట్రైక్ అవకాశం బాగుంటుంది. తోసిన బాల్‌కు ఆ కోణం రాదు. ఇలా నాలుగు వారాలు గడిస్తే అదే అలవాటవుతుంది. అందుకే హౌస్ లీగును మానకండి, చేయి స్వేచ్ఛగా ఊగాల్సింది అక్కడే.

నా లెక్క ప్రకారం హౌస్ సగటు 180 దాటని వారు ఇంకా చేరనక్కర్లేదు, ముందు పదో పిన్ను పని పూర్తిచేయాలి. డాలస్ చుట్టుపక్కల ఆఫీసు లీగుల్లో ఆడే మన తెలుగు వాళ్లకూ ఇదే చెబుతాను. 180 దాటితే పది పన్నెండు వారాల వేసవి లీగు సరైనది. చేరే ముందు సెక్రటరీని అడగండి: ఒక ప్యాటర్న్ ఎన్ని వారాలు ఉంచుతారు? వారానికొకటి మారితే ఏదీ చేతికి అందదు, మూడు నాలుగు వారాలు ఉంచేదే నేర్పుతుంది. రెండో ప్రశ్న: లీగు అయిపోయాక అరగంట అవే లేన్ల మీద డబ్బు కట్టి ప్రాక్టీసు చేసుకోనిస్తారా? ఒప్పుకుంటే ఆ సెంటర్ ఇరవై మైళ్లు దూరమైనా అక్కడే చేరండి.