డ్రాగన్ వేటకు స్క్రాచా, పైథానా?

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నడిచే పర్లాకిమిడి, గుణుపురం పిల్లలకు మొదటి ప్రోగ్రామ్‌గా ఒక ఆట చేయించాలంటే, కాలాలు దాటి డ్రాగన్‌ను వేటాడేవాడి కథ చక్కగా కుదురుతుంది.

2007లో వచ్చిన, బ్లాకులు పేర్చి ప్రోగ్రామ్ చేసే భాష స్క్రాచ్‌లో కోడ్ టైప్ చేసే పని లేదు, డ్రాగన్ బొమ్మ అందులోనే ఉంది. ఆఫ్‌లైన్ యాప్ వేసుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. బాణం తగిలితే ప్రాణం ఒకటి తగ్గేలా బ్లాకులు పేర్చాలి. పిల్లలు తరచూ మరిచేది ఒకటుంది: ఆటను మొదలుపెట్టే ఆకుపచ్చ జెండా బ్లాకు కింద ప్రాణాన్ని 3కి మార్చడం. స్క్రాచ్ పాత విలువను చెరపదు. రెండోసారి ఆట మొదలయ్యేసరికే డ్రాగన్ ప్రాణం సున్నా!

కోడ్ టైప్ చేసి రాసే భాష పైథాన్‌లో బొమ్మ ఉండదు, అంతా అక్షరాలే. ఆడేవాళ్లు కొట్టింది తీసుకునే ఇన్‌పుట్ (input)తో ఏ సంవత్సరానికి వెళ్లాలో అడిగి, షరతు పెట్టే ఇఫ్ (if)తో అది 1500 అవునా కాదా అని పోల్చాలి. చిక్కంతా ఇక్కడే. ఇన్‌పుట్ ఇచ్చేది సంఖ్య కాదు, అక్షరాల వరుస. 1500 అని కొట్టినా సమానం కాదనే అంటుంది, ఎర్రర్ కూడా చూపదు. వేటగాడు ఉన్న కాలంలోనే నిలిచిపోతాడు. ఇన్‌పుట్‌ను సంఖ్యగా మార్చే ఇంట్ (int)లో చుడితే కదులుతాడు.

పదేళ్లలోపు వాళ్లకు నా ఓటు స్క్రాచ్‌కే. కీబోర్డు అలవాటైన వాళ్లకు పైథాన్ 3 ఇవ్వండి. అందులో వేరియబుల్ (విలువను దాచుకునే చోటు) పేర్లు తెలుగు లిపిలోనైనా ఒడియా లిపిలోనైనా పెట్టుకోవచ్చు.