కోఠీలో కొన్న చిన్న రేడియో, ఆరు నెలలు వాడాక

రాత్రి ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చి, మెడలో ఐడీ కార్డు కూడా తియ్యకుండా మంచం అంచున కూర్చుని పదకొండు దాకా ఫోన్ చూస్తూ ఉండిపోయే రోజులు నాకు పోయిన చలికాలంలో బాగా ఎక్కువయ్యాయి. పెద్ద కష్టమేమీ రాలేదు. ఆఫీసులో టార్గెట్లు, రాయదుర్గం నుంచి అమీర్‌పేటలో మారి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రోలో నిలబడి ప్రయాణం, ఇంటికొచ్చేసరికి ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం. ఆకలేసేది, కానీ ఏం తినాలో ఆలోచించే ఓపిక ఉండేది కాదు. పాటలు విందామని ఫోన్ తీస్తే ఏ పాట పెట్టాలో తేలక పది పాటలు మార్చి, ఆ లోపల ఆఫీసు గ్రూపులో మెసేజ్ కనబడి, అది చదివి, మళ్ళీ గుండె బరువెక్కి... ఇదే తంతు. అమ్మ వచ్చి "ఏందిరా బిడ్డా, ఊకె అట్లనే కూసున్నవ్" అంటే జవాబు కూడా ఉండేది కాదు.

అలాంటి ఒక శనివారం వేరే పని మీద కోఠీ వెళ్ళి, గుజరాతీ గల్లీలో ఒక చిన్న దుకాణం ముందు రేడియోలు వేలాడుతుంటే ఆగాను. మా నాన్నకి ఒకటి ఉండేది, అన్నం తినేటప్పుడు కూడా పక్కనే పెట్టుకునేవాడు. దుకాణంలో పెద్దాయన "ఎఫ్‌ఎం ఒక్కటే చాలా అమ్మా, మీడియం వేవ్ కూడా కావాలా?" అని అడిగాడు. మీడియం వేవ్ అంటే పాతకాలం రేడియోల్లో ఆకాశవాణి వచ్చే బ్యాండు. రెండూ ఉన్నది ఇమ్మన్నాను. పదకొండు వందలు చెప్పి తొమ్మిది వందలకిచ్చాడు. పెట్టె మీద ఉన్న కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే అచ్చం ఇదే సెట్టు నాలుగైదు పేర్లతో అదే గల్లీలో దొరుకుతోంది. అరచేయి కంటే కాస్త పెద్దది, నల్లటి ప్లాస్టిక్, పైన పట్టుకోవడానికి పిడి, పక్కన స్టేషన్ తిప్పుకునే చక్రం, లోపల టార్చిలో వేసే పెద్ద సెల్స్ రెండు. కరెంటు మీద కూడా నడుస్తుంది.

ముందు వస్తువు సంగతి చెప్తాను. ఎఫ్‌ఎం చాలా బాగా పట్టింది. 101.9 మీద రెయిన్‌బో, 102.8 మీద వివిధ భారతి, రెండూ మా రెండో అంతస్తు వంటగదిలో యాంటెనా సగం లాగితే చాలు. ముల్లు మాత్రం కొంచెం తప్పు చూపిస్తుంది, 102.8 రావాలంటే 103 దాటించాలి, రెండు రోజుల్లో చెయ్యి అలవాటుపడింది. శబ్దం మనిషి గొంతుకి బాగుంటుంది, పాటలకి ఒక మోస్తరు, వాల్యూమ్ సగం దాటిస్తే గరగర. సెల్స్ రోజూ గంటన్నర వింటే రెండు నెలలు దాటి వచ్చాయి. కొన్న మూడో నెలకే యాంటెనా మొదట్లో ఉండే కీలు వదులైంది, నిలబెడితే వాలిపోతుంది. వాల్యూమ్ చక్రం తిప్పినప్పుడు చిటపటమంటుంది. నిద్రపోయాక దానంతటదే ఆగిపోయే ఏర్పాటు లేదు, అది ఉండి ఉంటే ఇంకో రెండొందలు ఇచ్చేదాన్ని.

మీడియం వేవ్ గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే మొదటి రోజు అది పాడైన సెట్టనుకుని తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. 738 మీద ఆకాశవాణి హైదరాబాద్ పెడితే గుయ్‌మని ఒకటే మోత. తర్వాత ఒక్కొక్కటీ ఆపి చూస్తే దొరికింది: పక్కన ఫోన్ ఛార్జర్, పైన ఎల్‌ఈడీ బల్బు, గోడకున్న వైఫై పెట్టె. వీటిలో చాలావాటి లోపల కరెంటుని సెకనుకి వేల సార్లు ఆపి వదులుతూ ఉంటారట, ఆ రొద సరిగ్గా మీడియం వేవ్ మీద పడుతుంది. రేడియోని కూడా కరెంటు మీద కాకుండా సెల్స్ మీద పెట్టి, కిటికీ దగ్గరికి మార్చితే మోత దాదాపు పోయింది. ఇంకో విషయం, పైకి లాగే కడ్డీ ఎఫ్‌ఎంకే పనికొస్తుంది. మీడియం వేవ్‌కి యాంటెనా సెట్టు లోపలే ఉంటుంది, నల్లటి ఫెర్రైట్ కడ్డీకి చుట్టిన రాగితీగ. అది ఒక దిక్కు నుంచి బాగా పట్టి, ఇంకో దిక్కు నుంచి సరిగ్గా పట్టదు. అందుకే మొత్తం సెట్టుని మెల్లగా తిప్పాలి. మా నాన్న రేడియోని బల్ల మీద ఎప్పుడూ వంకరగా ఎందుకు పెట్టేవాడో నాకు ఇన్నేళ్ళకి అర్థమైంది.

రాత్రి పది దాటాక మీడియం వేవ్‌లో ముల్లు తిప్పుతూ పోతే పగలు లేని గొంతులు వినబడతాయి. పగటిపూట పైన వాతావరణంలో ఒక పొర ఈ తరంగాల్ని మింగేస్తుంది, పొద్దుగూకాక ఆ పొర పలచబడి, దాని పైనున్న పొర తరంగాల్ని మళ్ళీ కిందికి పంపిస్తుంది, అందుకే వందల కిలోమీటర్ల అవతలి స్టేషన్లు వస్తాయి. ఒక రాత్రి కన్నడంలో ఎవరో చాలా నెమ్మదిగా ఏదో చదువుతున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. పది నిమిషాలు అలాగే విన్నాను, ఆ పది నిమిషాలూ ఆఫీసు గుర్తు రాలేదు.

ఇక నేను కొన్నందుకు అసలు ఏం ఒరిగింది అంటే, నాకు ఇందులో నచ్చింది ఒక్కటే: దీనిలో నేను దేన్నీ ఎంచుకోనక్కర్లేదు. మనసు బాగోనప్పుడు ఎంచుకోవడం కూడా ఒక పనే, ఆ సంగతి ఇది వచ్చాకే తెలిసింది. చక్రం తిప్పితే ఎవరో మాట్లాడుతూ ఉంటారు, వాళ్ళు వేసిన పాట వస్తుంది, నచ్చకపోయినా నాలుగు నిమిషాల్లో ఇంకోటి వస్తుంది. వాళ్ళు నన్ను ఏమీ అడగరు. ఇప్పుడు ఇంటికి రాగానే ఫోన్‌ని హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి వంటింట్లోకి వెళ్ళి రేడియో పెడతాను, పొద్దుటి గిన్నెలు తోముతాను, అమ్మ పక్కన పీట వేసుకుని బీరకాయ తరుగుతూ ఉంటుంది. మొదటి వారం మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. రెండో వారం వార్తలయ్యాక పొలం పనుల కార్యక్రమం వస్తుంటే అమ్మ "మీ నాయిన గిది ఇనకుంటె బువ్వ తినకపోవు" అంది, అక్కణ్ణుంచి మాటలు మొదలై పడుకునే దాకా సాగాయి. జనరంజనిలో పాటలు కోరినవాళ్ళ ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు చదువుతుంటే తమ ఊరి పేరు వస్తుందేమోనని పిల్లలందరూ పొయ్యి దగ్గర చేరి వినేవాళ్ళట. ఆమె చిన్నప్పటి సంగతులు ఇన్ని నాకు తెలియనే తెలియవు.

రోజూ మెట్రోలో అసెంబ్లీ స్టేషన్ దాటుతాను, ఆకాశవాణి ఆఫీసు ఉన్నది ఆ పక్కనే, సైఫాబాద్‌లో. నిజాం కాలంలో దక్కన్ రేడియోగా మొదలై, 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసిన స్టేషన్ అది. ఇదివరకు కిటికీలోంచి చూసేదాన్ని కూడా కాదు. ఇప్పుడు ఆ ఒక్క స్టేషన్ దగ్గర మాత్రం తల ఎత్తుతాను, ఇంకాసేపట్లో ఇక్కడి గొంతే మా వంటింట్లో ఉంటుంది కదా అనిపిస్తుంది.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. ఆగస్టులో రెండు వారాలు దాటి ఏదీ పని చెయ్యలేదు. రేడియో పెట్టినా గొంతులు చెవిలో పడేవి కాదు, తెల్లవారుజామున మూడింటికి మెలకువ, తిండి సయించకపోవడం, ఊరికే కళ్ళల్లో నీళ్ళు. అలసటకీ దీనికీ తేడా ఉంది. దిగులు దాదాపు రోజంతా, రెండు వారాలకి మించి ఉంటే డాక్టరుకి చూపించుకోవాలని చదివి, ముందు 14416కి ఫోన్ చేశాను. అది టెలి మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, డబ్బులేమీ ఉండవు, అర్ధరాత్రి కూడా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. నేను ఏడుస్తుంటే అవతలి ఆమె తొందరపెట్టలేదు. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాను, ఇప్పటికీ వెళ్తున్నాను. మీకు కూడా అలా ఉంటే, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, రేడియో కొనడం తర్వాత, ముందు ఆ నంబరుకి చెయ్యండి. మా అమ్మకి నేను చాలా ఆలస్యంగా చెప్పాను, మీరు అలా చెయ్యొద్దు.

మామూలు రోజుల అలసటకి, పని నుంచి ఇంట్లోకి మారే ఆ గంటకి, తొమ్మిది వందలకి ఇంతకన్నా మంచి వస్తువు నేను కొనలేదు. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటీ యాంటెనా కీలుకి తగ్గించాను. కొనేవాళ్ళు దుకాణం లోపల బల్బుల కింద కాకుండా బయట గుమ్మం దగ్గరికి తెచ్చి, సెల్స్ వేయించి, మీడియం వేవ్ పెట్టి చూసుకోండి. కడ్డీ పూర్తిగా లాగి రెండుసార్లు తిప్పి చూడండి. సెల్స్ విడిగా కొనుక్కోవాలి. వచ్చే శనివారం నేను మళ్ళీ వెళ్తున్నాను, కడ్డీ మార్పించడానికి, ఇంకో సెట్టు కూడా తేవడానికి. ఊళ్ళో ఒక్కతే ఉండే మా పెద్దమ్మకి ఇయ్యాలంట, అమ్మ డబ్బులు తీసి ఫ్రిజ్ మీద పెట్టేసింది.